బీకామ్, యార్డులో గుమస్తా పని, 27 ఏళ్లు: అమీర్‌పేట వెళ్లాలా, గుంటూరులోనే టాలీ నేర్చుకోవాలా?

మిర్చి_గుమస్తా | మే 14, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దదైంది, ఏమనుకోకండి.

మాది ఫిరంగిపురం పక్కన పల్లె. 2019లో బీకామ్ అయిపోయింది. అప్పట్నుంచి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, కాటా ఎంత తూగింది, రేటెంత, కమీషన్, కూలి పోను చేతికెంత, అవన్నీ లెక్క కట్టి పట్టీ రాయడం నా పని. చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల పుస్తకం) ఇప్పటికీ చేత్తోనే. కంప్యూటర్ కొట్లో ఉంది కానీ దానిమీద షావుకారుగారి మనవడు ఆటలాడుకుంటాడు. జీతం 16 వేలు. సీజన్‌లో ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు, ఘాటుకి తుమ్మి తుమ్మి ముక్కు పోతుంది.

ఇప్పుడు యార్డుకి ఎండాకాలం సెలవులు. నెల రోజులు ఖాళీ. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, వచ్చినవాళ్లు మొదట అడిగేది జీతమే. మా బాబాయి కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, కంప్యూటర్ కోర్సులన్నీ అక్కడే, అమీర్‌పేట రారా అంటాడు. నేను కనుక్కున్నవి ఇవీ. అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ జావా (ప్రోగ్రామింగ్) ఆరు నెలలు, ఫీజు 35 వేలు, హాస్టల్ నెలకు 6,500, "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నారు. గుంటూరు బ్రాడీపేటలో టాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ రెండు నెలలు 7,500. శాప్ ఫికో (పెద్ద కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్) ఆన్‌లైన్‌లో 40 వేలు. చీటీ పాడితే వచ్చిన 90 వేలు చేతిలో ఉన్నాయి. ఇది పోతే మళ్లీ రెండేళ్లదాకా ఇంత కూడబెట్టలేను.

ఏది నేర్చుకుంటే మంచిదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోడ్‌వీరుడు | మే 14, రాత్రి 11:10

అమీర్‌పేట బ్రో. ఆలోచించకు. టాలీ నేర్చుకుంటే జీవితాంతం గుమస్తావే, కాకపోతే ఏసీలో.

వేదిక నిర్వాహకుడు | మే 14, రాత్రి 11:31

ముందే ఒక మాట. ఇన్‌స్టిట్యూట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ వద్దు. పొగిడినా, తిట్టినా తీసేస్తాను. అనుభవం రాయండి చాలు.

నల్గొండ_నైట్‌షిఫ్ట్ | మే 15, ఉదయం 6:20

ఇప్పుడే డ్యూటీ దిగిన. నిద్ర వచ్చేలోపు నా ముచ్చట జెప్త.

నేను గూడ బీకామే అన్నా. 2021ల అమీర్‌పేట పోయిన. మైత్రీవనం కాడ బస్ దిగంగనే చేతుల కాయితాలు పెడ్తనే ఉంటరు, ఒక్క సందు దాటేసరికి నా దగ్గర ఇరవై జమైనయ్. మూడు రోజులు డెమో ఫ్రీ. ఆ మూడు రోజులు సారు మస్తు జెప్పిండు, చప్పట్లు గూడ కొట్టినం. నాలుగో రోజు ఫీజు కట్టినంక సారు మారిండు. క్లాస్‌ల నూట యాభై మంది ఉండె. ఎనుక కూసున్నోనికి తెర మీద కోడ్ గానరాదు. జిరాక్స్ షాపుల సార్ నోట్సు అమ్ముతరు, అది కొనుక్కొని హాస్టల్‌ల సదువుకునుడే.

లూపులు, అరేలు అసొంటి మొదటి పాఠాల దాంక నడిచింది. స్ప్రింగ్ అని జావాల పెద్ద పాఠం మొదలైనంక సార్ టైప్ జేసింది జూసి నేను టైప్ జేసుడే. ఎందుకు రాస్తున్ననో నాకే ఎరుక లేకుండె. పక్క మంచం పిల్లగాడు బీటెక్, వానికి కాలేజీల వచ్చిన పునాది ఉంది, వాడు గుంజుకపోయిండు. నేను ఆరు నెలలు అనుకున్నది పదకొండు నెలలైంది. హాస్టల్, తిండి, ఫీజు కలిపి లక్ష దాటింది. మీ 90 వేలు గట్లనే పోతయ్, లెక్క మంచిగ ఏసుకోండ్రి.

ఇప్పుడొక బ్యాంకు ప్రాసెస్‌ల సపోర్ట్ జేస్తున్న. నౌకరి దొరికింది జావాతోని కాదు, నడుమల ఇరవై రోజులు జెప్పిన ఎస్‌క్యూఎల్ (డేటా టేబుళ్లల కావల్సింది ఏరి తీసుడు) తోని. ఇంటర్వ్యూల రెండు టేబుళ్లు ఇచ్చి, కట్టనోళ్ల లిస్టు తియ్యుమన్నరు. బీకామోన్ని గదా, డబ్బులు కట్టినోడెవడు, కట్టనోడెవడు అంటే నాకు సమజైంది.

మిర్చి_గుమస్తా | మే 15, ఉదయం 9:05

ధన్యవాదాలు అన్నా. డెమోలో ఉన్న సారే చివరిదాకా చెప్తాడా అని అడగాలని నాకు తట్టనే లేదు.

జావా_పంతులు | మే 15, మధ్యాహ్నం 2:40

పాఠం చెప్పి బతికేవాణ్ని, కాబట్టి నా మాట కాస్త తగ్గించే వినండి. పదకొండేళ్లుగా అక్కడే చెప్తున్నాను.

పై తమ్ముడు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కానీ అమీర్‌పేట వల్ల బాగుపడినవాళ్లూ వేలల్లో ఉన్నారు. తేడా ఎక్కడంటే, మా దగ్గరికి వచ్చే ముందే ప్రోగ్రామింగ్ రుచి తెలిసినవాడికి మేం ఉపయోగపడతాం. రుచి తెలియనివాడికి మేం తెలియజెయ్యలేం, అంత టైమ్ ఉండదు. ఇంకోటి, కాలం 2021 నాటిది కాదు. అప్పుడు జనం కోసం కంపెనీలు వెతికాయి. 2023-24లో ఒక్క టీసీఎస్‌లోనే ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. అనుభవం ఉన్నవాళ్లే ఖాళీగా ఉంటే, ఆరేళ్ల కిందట పాసైన బీకామ్ ఫ్రెషర్‌ని పిలిచేవాళ్లు తక్కువ. చాలా కంపెనీలు ఏ సంవత్సరం పాసయ్యావన్నది చూసే దరఖాస్తు పక్కన పెట్టేస్తాయి. నా బోర్డు మీద ఈ ముక్క రాసుకుంటే నా బ్యాచ్ నిండదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నీకు నెల ఖాళీ అన్నావు కదా. రూపాయి కట్టకుండా ఒక పరీక్ష పెట్టుకో. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) వాళ్ల పైథాన్ ప్రోగ్రామింగ్ పాఠాలున్నాయి, చూడటానికి డబ్బు అడగరు, సర్టిఫికెట్ కావాలంటేనే వెయ్యి రూపాయల పరీక్ష ఫీజు. రెండు వారాలు విని, నీ పట్టీ నువ్వే ప్రోగ్రామ్‌గా రాయి. టిక్కీలు, తూకం, రేటు ఇస్తే కమీషన్, కూలి తీసేసి రైతు చేతికెంతో చెప్పాలి. పదిమంది రైతులకు వరసగా చెయ్యాలి. తూకం దగ్గర ఎవడైనా "నలభై" అని అక్షరాల్లో కొడితే ప్రోగ్రామ్ పడిపోకూడదు. అది సరిచేస్తూ రాత్రి రెండైనా నీకు టైమ్ తెలియలేదనుకో, అప్పుడు హైదరాబాద్ బస్సెక్కు. మూడో రోజుకే విసుగొస్తే, నీ 35 వేలు మిగిలినట్టు.

"ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నవాళ్లని ఒకటే అడుగు: రాకపోతే ఫీజు వెనక్కిస్తామని కాయితం మీద రాసిస్తారా? ఇక అక్కడ మాట మారుతుంది చూడు.

పేరొద్దులే | మే 15, రాత్రి 8:15

ఇంకో గొయ్యి ఉంది, ఎవరూ చెప్పట్లేదు కాబట్టి చెప్తున్నా. కోర్సు అయిపోయాక "అన్నా, ఫ్రెషర్‌గా కష్టం, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడదాం" అంటూ ఒకడు వస్తాడు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ సెట్టుగా ఇస్తారు. ఇంటర్వ్యూలో పక్కనుంచి జవాబులు చెప్పేవాడు కూడా వాళ్ల మనిషే. మా బావమరిది లక్షన్నర పోసి అలా ఎక్కాడు. ఎనిమిదో నెల వెరిఫికేషన్ వాళ్లు పీఎఫ్ వివరాలు అడిగారు. మూడేళ్లు పనిచేసినవాడికి పీఎఫ్‌లో ఒక్క నెల జమ కూడా లేదు! ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు. ఇప్పుడు నిజం అనుభవం ఆ ఎనిమిది నెలలైనా రాసుకోవడానికి లేదు. ఆ ఊళ్లో ఎవడేం చెప్పినా ఆ దారి మాత్రం తొక్కకు తమ్ముడూ.

అను_ఫాంట్ల_ఆచారి | మే 17, ఉదయం 11:30

నాది పాత కథ. 2002లో ఒంగోలులో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) కోర్సు చేశాను. పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు. ఆ రోజుల్లో తెలుగు టైపు చేసేవాడంటే ప్రెస్సులో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. పేజ్‌మేకర్ 7 తర్వాత కొత్తది రానే లేదు. అనులో కొట్టిన మేటరు ఫేస్‌బుక్‌లో పెడితే పిచ్చి గుర్తులు. అందరూ ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌కి మారారు, కుర్చీ తీసేశారు. నాతో నేర్చుకున్నవాళ్లలో సగం మంది వేరే పనులకు పోయారు.

నేనింకా ఎందుకున్నానంటే, శుభలేఖలు. పెళ్లికూతురి తాతగారి పేరు ముందు "కీ.శే." ఉండాలా వద్దా అని ఫోన్ చేసి అడగందే నేను ప్రింటుకి పంపను. మా పక్క షాపు కుర్రాడు పాత కార్డు కాపీ చేసి, బతికున్న తాతగారికి కీ.శే. పెట్టేశాడు. ఆయనే వచ్చి కార్డు పట్టుకుని నిలబడ్డాడు షాపులో! ఐదు వందల కార్డులు మళ్లీ వేశారు. సాఫ్ట్‌వేర్ ఆ కుర్రాడికి నాకంటే బాగా వచ్చు, అది వేరే సంగతి.

కోడ్‌వీరుడు | మే 17, మధ్యాహ్నం 12:02

హహ, తాతగారు సూపర్. కానీ అసలు ఏఐ వచ్చాక టాలీ ఎంట్రీలు ఎవడు కొట్టిస్తాడు? మునిగే పడవ ఎక్కిస్తున్నారు అందరూ కలిసి.

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్ | మే 21, రాత్రి 9:48

నిన్న 20వ తేదీ, జీఎస్టీ నెలవారీ రిటర్న్ 3బీకి ఆఖరి రోజు. ఇవాళ కాస్త ఊపిరి తీసుకుని రాస్తున్నా. విజయవాడలో ఒక ఆడిటర్‌గారి ఆఫీసులో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. మొదట నేనూ పాత బస్తీలో ఒక బట్టల కొట్టు గుమస్తానే.

కోడ్‌వీరుడు అన్నదాంట్లో సగం నిజం. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లో తెచ్చి టాలీలోకి ఎక్కిస్తే రెండు వేల ఎంట్రీలు పావుగంట పని. ఒకప్పుడు దీనికోసమే ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకునేవాళ్లం, ఇప్పుడు పెట్టుకోవట్లేదు. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్ అని టాలీ మీటలు బట్టీపట్టిన పిల్లలు వారానికి నలుగురొస్తారు, చేతిలో సర్టిఫికెట్. "యూపీఐలో 23,600 వచ్చింది, పేరు లేదు, ఎవరిదో కనుక్కో" అంటే నిలబడిపోతారు. 20 వేల బిల్లుకి 18 శాతం కలిపితే 23,600 అవుతుందని తట్టాలి. ఆ నెల 20 వేల బిల్లు ఎవరికి కొట్టామో చూడాలి. అంతే కదా! ఆ తట్టినవాడికి మా వీధిలో నాలుగు ఆఫీసులు పని ఇస్తాయి.

తమ్ముడూ, నువ్వు పట్టీ రాస్తావు, చిట్టా నుంచి ఆవర్జాకి ఎక్కిస్తావు. జమ, ఖర్చు నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. కోర్సుల వాళ్లు నెల రోజులు చెప్పేది అదే. అందుకని 7,500 కట్టే ముందు ఇంట్లో మొదలుపెట్టు. టాలీప్రైమ్ ఎడ్యుకేషన్ మోడ్‌లో ఊరికే వాడుకోవచ్చు, కాకపోతే నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీ తీసుకుంటుంది. నీకు అది చాలు. కిందటి సీజన్లో బాగా రద్దీగా ఉన్న ఒక్క రోజు చిట్టా తీసుకుని, అంతా 1వ తేదీన కొట్టు. అక్కడ నీకో చిక్కు వస్తుంది: రైతు సరుకు మీ కొట్టు కొన్నట్టా, కాదా? దాన్ని కొనుగోలులో వేస్తే టర్నోవర్ ఎక్కడికో పోతుంది. మీ షావుకారు ఆదాయం కమీషనే కదా. మరి రైతుకివ్వాల్సింది ఎక్కడ చూపాలి? ఆలోచించి ఇక్కడ రాయి.

రెండోది ఎక్సెల్. ఇది టాలీకంటే ముఖ్యం అంటాను నేను. వీలుకప్ (ఒక లిస్టులోది ఇంకో లిస్టులో వెతకడం), పివట్ టేబుల్ (గుంపులుగా కూడి చూపడం), ట్రిమ్ (అదనపు ఖాళీలు తీసెయ్యడం), తేదీలు సరిచెయ్యడం. ఈ నాలుగూ వస్తే నీ 90 వేలల్లో 85 బ్యాంకులోనే ఉంటాయి.

జీఎస్టీ మాత్రం పుస్తకంలో రాదు. మీ దగ్గర రైతుల సరుకు కాబట్టి ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి లెక్క చూసుకోవడం) గొడవ తక్కువ. తెలిసినవాళ్ల ఎరువుల షాపో, పురుగుమందుల షాపో ఏదన్నా ఉందా? అక్కడ కూర్చుంటే నెలలో నేర్చుకుంటావు.

మిర్చి_గుమస్తా | మే 21, రాత్రి 10:30

అన్నా, రెండుసార్లు చదివాను. మా షావుకారుగారి తమ్ముడిది పట్నంబజారులో పురుగుమందుల షాపు ఉంది. రేపు వెళ్లి అడుగుతాను. రైతు డబ్బు అప్పుగా చూపాలేమో, సండ్రీ క్రెడిటర్స్‌లో? వ్యాపారి దగ్గర రావాల్సింది సండ్రీ డెటర్స్‌లో. మధ్యలో మాకు మిగిలేది కమీషన్ ఒక్కటే ఆదాయం. కరెక్టేనా?

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్ | మే 21, రాత్రి 10:34

చూశావా. కోర్సు చేసినవాళ్లలో పదిమందికి ఒకడు చెప్తాడు ఈ మాట.

షార్జా_లెక్కలు | మే 22, రాత్రి 12:15

శాప్ ఫికో గురించి ఎవరూ అనలేదు, నేను అంటాను. నేను షార్జాలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంట్‌ని, రాజమండ్రి వాణ్ని. శాప్ మంచిదే కానీ అది పెద్ద కంపెనీలో పనిచేస్తూ వాడేవాడికి. ఖాళీగా నేర్చుకుంటే స్క్రీన్లు గుర్తుంటాయి, కారణాలు గుర్తుండవు. పైగా శాప్ పాత వెర్షన్ ఈసీసీకి 2027తో మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్ ఆపేస్తున్నారు, అందరూ కొత్త వెర్షన్ ఎస్4 హానాకి మారుతున్నారు. 40 వేలు తీసుకుని నీకు ఏ వెర్షన్ చెప్తారో ముందు అడుగు.

ఇక్కడ చిన్న కంపెనీల్లో టాలీయే ఎక్కువ. 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్, 2023 జూన్ నుంచి కార్పొరేట్ ట్యాక్స్ వచ్చాయి, అప్పట్నుంచి లెక్కలు తెలిసినవాడికి గిరాకీ పెరిగింది. నా ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఫైలు తెరవనే లేదు. ఒక బ్యాంక్ స్టేట్‌మెంటు, ఒక లెడ్జరు ఇచ్చి, "ఈ రెండింటికీ 1,250 దిర్హమ్‌ల తేడా ఎందుకు వచ్చిందో చెప్పు" అన్నాడు మలయాళీ మేనేజరు. ఒక చెక్కు బ్యాంకులో ఇంకా మార్చకుండా ఉంది, అదే తేడా. నలభై నిమిషాలు పట్టింది, చెమటలు పట్టాయి.

రెండో_ఇన్నింగ్స్_విజయ | మే 23, మధ్యాహ్నం 3:10

మధ్యలో దూరుతున్నందుకు సారీ. బీఎస్సీ జువాలజీ, పిల్లల వల్ల పన్నెండేళ్లు ఇంట్లో ఉన్నాను. నాకందరూ మెడికల్ కోడింగ్ అంటున్నారు. అదీ ఇలాంటిదేనా?

నల్గొండ_నైట్‌షిఫ్ట్ | మే 24, ఉదయం 6:45

అక్కా, మా అక్క గదే జేస్తది. అమెరికా ఆసుపత్రి రిపోర్టు సదివి రోగానికి ఐసీడీ-10 కోడ్ రాసుడు. జువాలజీ వాళ్లకు శరీర భాగాల పేర్లు వస్తయ్ గాబట్టి మీకు నయం. దీనికి సీపీసీ అని సర్టిఫికెట్ పరీక్ష ఉంటది, నాలుగు గంటలు, 100 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. పరీక్షల పుస్తకాలు పెట్టుకోనిస్తరు, గని వెతుకుడు జల్దీ రావాలె. ముందుగాల ఏదన్న డిశ్చార్జ్ సమ్మరీ ఒకటి పట్టుకొని చదివి చూడున్రి. ఇంగ్లీషుల అది సమజైతే కోర్సుకు పోన్రి, గాకుంటే పైసలు దండుగ.

మిర్చి_గుమస్తా | జూన్ 16, రాత్రి 11:20

ఆలస్యానికి క్షమించండి. యార్డు తెరిచారు, పని మొదలైంది. జరిగింది చెప్తాను.

పంతులుగారి పైథాన్ పరీక్ష రాశాను. పట్టీ ప్రోగ్రామ్ నడిచింది, పదిమంది రైతులకీ సరిగ్గా వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే రాత్రి రెండు కాలేదు, తొమ్మిదింటికే నిద్రొచ్చింది. అమీర్‌పేట మాట ఇంట్లో ఆపేశాను. బాబాయి కొడుక్కి కోపం వచ్చింది.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ 14 వేలకి తీసుకున్నా. టాలీ క్లాసులో ఇంకా చేరలేదు. పురుగుమందుల షాపులో మూడు వారాలు కూర్చున్నాను. మొన్న 14న మే నెల 2బీ (మాకు అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపిన బిల్లుల పట్టిక) వచ్చింది. దాన్నీ, మా కొనుగోళ్ల లిస్టునీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి వీలుకప్ కొట్టాను. అన్నీ తప్పే! గంటసేపు అర్థం కాలేదు. మా లిస్టులో జీఎస్టీ నంబర్ల చివర ఖాళీ ఉంది, కంటికి కనబడదు. ట్రిమ్ పెట్టగానే ముప్పావువంతు కలిశాయి. ఇంకొన్ని బిల్లు నంబరు తేడా, వాళ్లు 0457, మేం 457. ఒకటి చాలాసేపు దొరకలేదు. ఆ కంపెనీకి హైదరాబాద్‌లోనూ రిజిస్ట్రేషన్ ఉంది. మాకు బిల్లు కొట్టింది 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరు, నేను ఎంట్రీలో 36తో మొదలయ్యే తెలంగాణది వేసుకున్నా.

ఆఖరికి ఒక్కటే మిగిలింది. 35 వేల సరుకు, 6,300 జీఎస్టీ, మొత్తం 41,300. మా దగ్గర బిల్లు ఉంది, 2బీలో లేదు. సప్లయర్‌కి ఫోన్ చేశాను. "ఏవండీ, మా బిల్లు మీ రిటర్న్‌లో ఎక్కలేదు" అంటే "చూస్తాంలెండి" అన్నాడు. బిల్లు నంబరు, తేదీ, అసలు, పన్ను వరసగా చెప్పేసరికి స్వరం మారింది. ఈ నెల రిటర్న్‌లో ఎక్కిస్తామన్నాడు. షాపు ఓనర్‌గారు పక్కనే కూర్చుని విన్నారు. ఏమీ అనలేదు, టీ తెప్పించారు. ఇవాళ పొద్దున పిలిచి, కిందటేడాదివి కూడా చూడగలవా అన్నారు.

సాయంత్రాలు వెళ్తే సరిపోతుంది, యార్డు పని మానక్కర్లేదు. ఎంత అడగాలి అన్నా? అడగడం నాకు చేతకాదు.

జావా_పంతులు | జూన్ 17, ఉదయం 7:30

తొమ్మిదింటికి నిద్రొచ్చిందని రాసినందుకు సంతోషం. నా దగ్గర ఫీజు కట్టి నిద్రపోయేవాళ్లు చాలామంది.

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్ | జూన్ 17, రాత్రి 10:05

ఇవాళ రేపు మాకు ఊపిరాడదు, పొట్టిగా చెప్తా. ఒక నెల లెక్క చూడ్డానికి నీకు ఎన్ని గంటలు పట్టిందో ముందు రాసుకో. సాయంత్రాలకి నెలకు నాలుగు వేలు అడుగు, పాత ఏడాదిది విడిగా మాట్లాడుకో. రెండూ కలిపి ఒప్పుకోకు, పాతది ఎంత లోతో ఎవరికీ తెలియదు. ఓనర్‌గారు బేరమాడతారు, మూడుకు దిగకు. వాళ్ల ఆడిటర్‌గారికి ముందే ఒక మాట చెప్పు, నీ షీట్ ఆయనకి చూపించు, లేకపోతే నువ్వు ఆయన పనిలో వేలుపెట్టావనుకుంటాడు.

ఆ 6,300 వదలకు. నోటిమాట నమ్మొద్దు. జులై 11న వాళ్ల జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గడువు. 8వ తేదీనే మళ్లీ ఫోన్ కొట్టు, బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపు. 14న 2బీ తెరిచి, కనబడిందో లేదో ఇక్కడ రాయి.

మిర్చి_గుమస్తా | జూన్ 17, రాత్రి 10:09

సరే అన్నా. ఫోన్‌లో అలారం పెట్టాను, 8వ తేదీకి.